చల్లారకముందే

వాసా, సోమవారం

ఊమియోలో ఉన్న గున్వోర్ గారికి, వలలు బాగుచేసే రూనార్ నమస్కారాలు.

మా ఊరి చిన్న విమానాశ్రయం నుంచి మీ ఊరికి విమానం వేశారు. మధ్యనున్న సముద్రం వంద కిలోమీటర్లు. ఓడకు నాలుగు గంటలు, దీనికి ఇరవై అయిదు నిమిషాలు. నేను విమానం ఎక్కి ఎరగను. అయినా ఎక్కుతాను. నిరుడు వేసవిలో ఓడరేవు దగ్గర పెళ్ళిమాట ఎత్తితే ఆలోచించి చెబుతానన్నారు. ఆలోచన అయిందా?

మీ రూనార్

తా.క.: "మీ" అని అలవాటుగా పడింది. కొట్టేస్తే కాగితం పాడవుతుందని ఉంచేశాను.


ఊమియో, శుక్రవారం

రూనార్ గారికి, గున్వోర్ రాసేది.

మీకు ఆలస్యం పుట్టుకతో వచ్చింది. కిందటిసారి మీరు ఓడ దిగి వచ్చేసరికి కాఫీలో దోమ ఈత నేర్చుకుంది. కాబట్టి ఒక షరతు. మీ విమానం నేల వదిలిన క్షణాన నేను కాఫీ పోస్తాను. అది చల్లారకముందే మా గడప తొక్కితే, జవాబు "సరే". చల్లారిందా, యాలకుల బన్ను తిని వెళ్ళండి.

గున్వోర్

తా.క.: రెండు తినవచ్చు.


వాసా, బుధవారం

గున్వోర్ గారికి,

గెలిచాను. టికెట్టు మీద బయలుదేరడం తొమ్మిదికి, దిగడం ఎనిమిదీ ఇరవై అయిదుకు అని ఉంది. మీ దేశంలో గడియారాలు మాకంటే గంట వెనక అని నాకూ తెలుసు. కానీ అచ్చులో ఉన్నది అచ్చులో ఉన్నట్టే. బయలుదేరకముందే వచ్చేస్తున్నాను, మీరింకా కాఫీ పోసే ఉండరు. వచ్చే శనివారమే ప్రయాణం.

రూనార్

తా.క.: అయినా ఇంట్లో ఒక కప్పు పోసి చూశాను. సాసరు మూతపెడితే ఎక్కువసేపు ఆగుతోంది. పెట్టవచ్చా?


ఊమియో, సోమవారం

రూనార్ గారూ,

నా కాఫీ తాగకుండా గెలిచే దారి వెతుకుతున్నారని అర్థమైంది. అచ్చు మీద అంత నమ్మకముంటే ఆ టికెట్టునే పెళ్ళి చేసుకోండి. మీ తొమ్మిది నా ఎనిమిది. ఎనిమిదికే పోస్తాను.

గున్వోర్

తా.క.: సాసరు కుదరదు.


వాసా, శనివారం

గున్వోర్ గారికి,

విమానం మీ ఊరి మీద మూడు చుట్లు తిరిగింది. పొగమంచులో నేల కనపడక మళ్ళీ తెచ్చి వాసాలోనే దింపారు. అంత ఆకాశం తిరిగి మా బస్టాపుకే చేరాను. ఈపాటికి కాఫీ చల్లారి ఉంటుంది. మాట మాటే. ఇంక అడగను.

రూనార్

తా.క.: పక్క సీటావిడ "చుట్టాలింటికా?" అంది. "దిగితే తెలుస్తుంది" అన్నాను.


ఊమియో, అదే శనివారం రాత్రి

రూనార్ గారికి,

మీ ఉత్తరానికి నా ఉత్తరం సముద్రం మీద ఎదురుపడుతుంది. మీది దిగులుగా ఉండి ఉంటుంది, నేను లెక్కచేయను. మూడు చుట్ల చప్పుడూ విన్నాను. పొగమంచులో కనపడనన్న సంగతి మరిచిపోయి పెరట్లో నిలబడి తువ్వాలు ఊపాను.

ఇక షరతు సంగతి. కాఫీ పోస్తానన్నాను. కప్పులో పోస్తానని ఎక్కడ రాశాను? నా ఉత్తరాలు మళ్ళీ చదవండి. ఫ్లాస్కులో పోశాను. ఇప్పుడే మూత తీసి చూస్తే గోరువెచ్చగా ఉంది. గోరువెచ్చన అంటే చల్లారినట్టు కాదు. మీరు ఓడలో వచ్చినా సరిపోయేది. ఓడలోనే రండి.

మీ గున్వోర్

తా.క.: ఆ "మీ" అలవాటుగా పడింది కాదు.