గోడ మీద ఎర్రగీతలు

అన్నా,

ఈరోజు నీ పుట్టినరోజు. నాయన శిల్పాల పనికి పోకుండా ఇంట్లోనే ఉన్నాడు. ఎస్ఎమ్ఏ అనే ఈ జబ్బు మనిద్దరి కండరాలను ఎంత తిన్నదో ఆయన గోడ మీదే కొలిచేవాడు కదా. ఏటా ఈ రోజున మన చెయ్యి ఎంతవరకు లేస్తే అక్కడ ఎర్రసుద్దతో గీత గీసేవాడు. నీ గీతలు చిన్నప్పటి నుంచి కిందికి దిగుతూ వచ్చి, చివరి రెండేళ్లు ఒకేచోట నిలిచాయి. జబ్బు ఆగిందని ఇంటిల్లిపాదీ సంబరపడ్డాం. మరుసటేడు నువ్వే లేవు.

ఇప్పుడు నాకు ముప్పై రెండేళ్లు. నా గీత కూడా రెండేళ్లుగా దిగలేదు. కానీ పోయిన వారం నంద్యాల డాక్టరు నా చేతుల్లో బలం బాగా తగ్గిందన్నాడు. అప్పటి నుంచి ఆళ్లగడ్డలోని ఈ గోడ మీద నాకు నమ్మకం పోయింది.

ఈరోజు నాయన నా కుర్చీని గోడ దగ్గరికి తోస్తుంటే చక్రాలు దేనిమీదికో ఎక్కి, కుర్చీ కాస్త పైకి లేచింది. మెడ వంచి చూడలేను కదా, అడిగాను.

"కింద ఏందీ నాయనా?"

"నాపరాయి ఏసినాలేమ్మా. చీమలు ఎక్కుతాండాయి."

"యాడ చీమలు? నన్ను ఒక్కటీ కుట్టలేదే!"

ఆయన సుద్ద పట్టుకుని గోడనే చూస్తూ నిలబడ్డాడు. నేను చెయ్యి లేపాను. వేళ్లు పాత గీతను సరిగ్గా తాకాయి.

"చూడు నాయనా, ఈ ఏడు కూడా తగ్గలే" అన్నాను.

నీ చివరి గీత రోజున నువ్వూ ఇదే మాట, ఇంతే గట్టిగా అన్నావు. నీ చక్రాల కింద కూడా రాయి ఉందని నీకు తెలుసు కదా, అన్నా?