ఒకటో నంబరు డిస్కు, ఐదో నంబరు ఇల్లు

మీర్‌పేట్,
శుక్రవారం పొద్దున.

పెద్దక్క సత్తెమ్మకు నీ తమ్ముడు యాదగిరి దండం పెట్టి చెప్పుకునే ముచ్చట్లు.

ఇక్కడ నేను కాళ్ళూ చేతులూ ఉన్నచోటనే ఉండి బాగానే ఉన్నాను. అక్కడ నువ్వూ, బావా, పిల్లలూ, ఈనిందో లేదో తెలియని ఆ నల్ల బర్రె కూడా, అందరూ బాగుండాలి. బావ నడుము నొప్పి తగ్గిందా? తగ్గకపోతే దవాఖానకు తీసుకుపో, ఊరి మందులు రాయకు. ఫోన్ చేయకుండా ఈ కాగితమేందని తిట్టుకోకు. ఫోన్‌లో నేను రెండు మాటలు చెప్పేసరికి "ఇగ సాలు తియ్" అని పెట్టేస్తావు. కాగితమైతే చివరిదాకా చదవక తప్పదు.

ముందే చెబుతున్నాను, పని పోలేదు. పోయేదాకా వచ్చింది గానీ పోలేదు.

ఏడు నెలల్లో ఇది మూడో పని అని నీకు తెలుసు. ఎల్బీనగర్‌లో అపార్ట్‌మెంట్ గేటు ముందు కుర్చీ వేసి కూర్చోమన్నారు, కూర్చోలేక విడిచిపెట్టాను. మిఠాయి దుకాణంలో నిలబడి డబ్బాలు కట్టమన్నారు, నిలబడలేక విడిచిపెట్టాను. "ఇది గూడ ఇడ్సిపెట్టి ఒస్తే గడప తొక్కకు" అన్నావు. ఇప్పుడున్నది దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్ల సందులో, సెల్లార్‌లో, డిస్కుల దుకాణం. ఈ రోజుల్లో డిస్కులు ఎవరు కొంటారంటావా? నేనూ అదే అడిగాను. మా ఓనర్ సుదర్శన్ సారుకు ఒక పిచ్చి ఉంది. మన తాతల కాలంలో అమెరికావాళ్ళు పాటల సినిమాలు తీశారట. మాట్లాడుతూ మాట్లాడుతూ ఉన్నట్టుండి లేచి పాడతారు, పక్కన పోయేవాళ్ళు కూడా వాళ్ళతో ఎగురుతారు. వాటిని ఇప్పుడు తుడిచి, గీతలు పోగొట్టి, డిస్కుల మీద అమ్ముతున్నారు. సారు తెప్పిస్తాడు. కొనేవాళ్ళందరివీ నెరిసిన తలలే. అట్టల మీద నవ్వే దొరసానుల దుమ్ము తుడవడం, డిస్కు ఇంటికి చేర్చి ఆడించి చూపించడం నా పని. తిరిగే పని కాబట్టి నాలుగు నెలలు నిలిచాను.

వానలు బాగా పడుతున్నాయి. మెట్రో దిగితే మోకాళ్ళ లోతు నీళ్ళు. రూంలో ఇంకో ఇద్దరున్నారు, ఇద్దరూ గుర్రుపెడతారు గానీ తాళం కలవదు. హోటల్ కూర తిని నాలుక మొద్దుబారింది. మీ ఊరివాళ్ళెవరైనా వస్తుంటే చింతకాయ తొక్కు పంపు. నేను బాగానే ఉన్నాను, దాని గురించి బెంగపడకు.

ఇగ అసలు ముచ్చట. ఎల్బీనగర్‌లో వనజాక్షి టీచరమ్మ అని ఉంది. కృష్ణా జిల్లా ఆవిడ. డెబ్బై దాటాయి, ఒక్కతే ఉంటుంది, ఇప్పటికీ మేడ మీద పిల్లలకు డాన్సు నేర్పుతుంది. చిన్నప్పుడు బెజవాడలో వాళ్ళ నాన్నతో చూసిన ఒక ఇంగ్లీషు పాటల సినిమా కోసం రెండేళ్ళుగా సారును అడుగుతోంది. అది అమెరికా నుంచి వచ్చింది. పోయిన మంగళవారం నేనే తీసుకుపోయాను. ఆమె ఇస్త్రీ చీర కట్టుకుని, నాకు కూడా కాఫీ పెట్టి, టీవీ ముందు కూర్చుంది. డిస్కు పెట్టాను. నల్లటి తెర మీద రెండు ఇంగ్లీషు ముక్కలు వచ్చాయి: రాంగ్ రీజియన్.

"రీజియన్ అంటే ప్రాంతం కదయ్యా? తప్పు ప్రాంతమంటుందేంటి?" అంది.

నా నోరు నీకు తెలుసు. "అవునమ్మా," అన్నాను, ముఖం గంభీరంగా పెట్టి. "రాష్ట్రం ఒచ్చినంక కంపెనోళ్ళు గట్ల పెట్టిండ్రు. ఆంధ్రోళ్ళ ఇండ్లల్ల ఆడదు. మిషన్‌కు ఎట్లనో తెలుస్తది."

ఆమె నవ్వుతుందనుకున్నాను, రెండు తిట్లు తిడుతుందనుకున్నాను. "నలభై ఏళ్ళయింది బాబూ నేనిక్కడికి వచ్చి," అని మెల్లగా లేచి, కాఫీ గ్లాసులు తీసుకుని లోపలికి పోయింది. మళ్ళీ బయటికి రాలేదు. ఎందుకో ఆ ఇంట్లో నిలబడలేక వచ్చేశాను.

తెల్లారి షాపుకు ఫోన్ చేసిందట, డిస్కు వాపస్ తీసుకోండి, ఇక్కడివాళ్ళెవరికైనా ఇవ్వండి అని. సారు ముందు అర్థంకాక, తర్వాత అర్థమై, నా మీద లేచాడు.

"నీకేమన్న దిమాగ్ ఉందా యాదగిరీ? అమెరికా డిస్కులకు ఒకటో నంబరు, మన దిక్కు ప్లేయర్లకు ఐదో నంబరు. రెండు కలవకుంటే ఆడదు. గంతే! గా ముసలామెను నువ్వు ఊరు దాటిస్తవా?"

"నవ్వుతదనుకున్న సార్."

"నవ్వలే గదా. ఇగో, రిమోట్‌ల ఏ బటన్ ఎనక ఏది ఒత్తాల్నో రాసిన. పోయి ప్లేయర్‌కున్న ఆ నంబరు తాళం తీసి, తప్పయిందని చెప్పి రా. ఆమె డిస్కు ఉంచుకుంటే నువ్వుంటవు. వాపస్ ఇస్తే నువ్వు గూడ దాని ఎంబడే పో."

అక్కా, ఎల్బీనగర్ దాకా నడిచే పోయాను. కూర్చుంటే కాళ్ళ కింద చీమలు పాకుతున్నట్టుంది. టీచరమ్మ తలుపు సగమే తీసింది.

"అమ్మా, అది నేను కల్పించి చెప్పిన. తప్పయింది. ప్రాంతం గాదు, నంబరు."

"అంటే నన్ను ఆటపట్టించావా?"

"అవునమ్మా."

"నీ వయసెంత?"

"యాభైకి దగ్గరొచ్చిన."

"సిగ్గులేదూ?"

"ఉండె అమ్మా, ఎన్నడో బస్సుల మర్సిపోయిన."

నవ్వలేదు. కానీ తలుపు పూర్తిగా తీసింది. కాగితంలో ఉన్నట్టు బటన్లు ఒత్తాను. మూడోసారికి తాళం ఊడింది. తెర నిండా రంగులు. ఒక పెద్ద మెట్లదారి, తెల్ల గౌనులో దొరసాని, కింద నల్ల కోటు ఆయన బూట్లతో దరువేస్తూ పాట. టీచరమ్మ పెదాలు కూడా కదులుతున్నాయి. బతికిపోయాననుకున్నాను. అంతలో ఆమె ముఖం మాడిపోయింది.

"ఏమైందమ్మా?"

"మా నాన్నకు ఇంగ్లీషు రాదు బాబూ. నాకు అప్పుడు అసలే రాదు. ప్రతి పాటకీ నా చెవిలో అర్థం చెప్పేవాడు. ఆ అమ్మాయి పుట్టింటికి పోతానంటోంది, ఈయన బండి కట్టించి చీరె కొనిస్తానంటున్నాడు అని. అరవై ఏళ్ళు అదే పాటనుకున్నాను. ఇప్పుడు కింద అక్షరాలు చదువుతుంటే బండీ లేదు, పుట్టిల్లూ లేదు. ఆయనెవరో నిద్ర పట్టడం లేదని ఏడుస్తున్నాడు."

తెర అడుగున చూపించి, "ఆ అక్షరాలు తీసెయ్యగలవా?" అంది.

తీసేశాను. "ఇప్పుడు నువ్వు చెప్పు. ఏమంటున్నాడు?" అంది.

అబద్ధం చెప్పడానికి నేనెప్పుడైనా ఆలోచించానా అక్కా? ఆ పూట ఆలోచించాల్సి వచ్చింది. ఆమె నా వైపే చూస్తోంది. చివరికి, "మెట్లు ఇప్పుడే కడిగిండ్రట అమ్మా. జారుతయి, జర మెల్లగ దిగు అంటుండు," అన్నాను.

అప్పుడు నవ్వింది చూడు, కొంగుతో కళ్ళు ఒత్తుకునేదాకా. "మా నాన్న ఇంతకన్నా బాగా చెప్పేవాడు, అయినా కానివ్వు," అని రెండున్నర గంటలు నన్ను లేవనివ్వలేదు. లేవబోతే చాలు, "ఇప్పుడేమంటోంది?" అని పట్టుకునేది. దొరల పెళ్ళి, అలక, రాజీ అన్నీ మన నల్గొండ జిల్లాలోనే జరిపించాను.

సాయంత్రం సారుకు ఫోన్ చేసిందట. "డిస్కు ఉంచుకుంటాను. మనిషి బుద్ధిమంతుడు కాదు గానీ అర్థాలు బాగా చెబుతాడు. ఆదివారం ఇంకో డిస్కు ఇచ్చి పంపండి," అందట. కాబట్టి పని ఉంది, నేను ఇప్పట్లో రాను, నువ్వు బెంగపడకు. నిలకడ వచ్చిందని మాత్రం అనుకోకు, ఈ కాగితం రాస్తూ నాలుగుసార్లు లేచి గల్లీ చివరిదాకా పోయి వచ్చాను.

బావకు, మీ అత్తమ్మకు నా దండాలు. పిల్లలకు ముద్దులు. మీ అందరి దీవెన నా నెత్తి మీద ఉండనివ్వండి.

ఒక్క పని చేసిపెట్టు. ఆదివారం సినిమాలో ముగ్గురు ఆడవాళ్ళు పాటలోనే కొట్లాడుకుంటారట. ఆడవాళ్ళు తిట్టుకునేవి నాకేం తెలుసు? నువ్వూ, అత్తమ్మా వాకిట్లో అనుకునేవి నాలుగు రాసి పంపు. పేర్లు మారుస్తాలే.

నీ తమ్ముడు,
యాదగిరి