గడప ముందు గౌను

బాపూ,

ఇవాళ మన మోతీ అన్నం తింది. ఈ మాట ముందు నీకే చెప్పాలనిపించింది.

ఎండాకాలం సెలవులంతా ఆ కుక్క నీ మనవరాలు చిన్నిని ఒక్క క్షణం వదల్లేదు. ఇప్పుడు బడి తెరిచారు. చిన్నిని ఎక్కించుకుని వ్యాను బీరంగూడ రోడ్డు ఎక్కితే చాలు, మోతీ గేటు దగ్గర పడుకుని సాయంత్రం దాకా మూలుగుతూనే ఉండేది. కోడి బొక్కలు వేశాను, బతిమాలాను, తిట్టాను. ఏదీ ముట్టలేదు.

ఈ ఉదయం చిన్ని యూనిఫాం వేసుకుని, రాత్రి తొడుక్కున్న గౌను తెచ్చి గడప ముందు పరిచింది.

"ఏందే, విడిచిన బట్టలు గక్కడ ఏస్తున్నవ్?" అన్నాను.

"ఉతకకు మమ్మీ. తాత డ్యూటీకి పోయేటప్పుడు అంగీ గిట్లనే ఏస్తుండె. మోతీ దాని మీద పండుకుంటుండె."

నువ్వు పోయేనాటికి చిన్నికి మాటలే సరిగా రావు. నీ ముఖం కూడా గుర్తుండదనుకున్నాను. బొల్లారం కంపెనీ మందుల వాసన కొట్టే ఆ అంగీని ఉతకనివ్వవని నీతో రోజూ గొడవపడింది నేను. మరిచిపోయిందీ నేనే.

చిన్ని గౌను ముడతలు అరచేత్తో సవరించింది. మోతీ చెవి దగ్గర వంగి, అచ్చం నీలాగే గొంతు తగ్గించి చెప్పింది.

"డ్యూటీకి పోయొస్త బిడ్డా. ఇల్లు పైలం."

బడికి పోతూ డ్యూటీ అంది, బాపూ.

మోతీ దిగ్గున లేచింది. తోక ఊపుతూ చిన్నిని కాదు, చిన్ని వెనక, రోజూ నువ్వు డ్యూటీ నుంచి వచ్చే గేటు వైపు చూసింది.

నేనూ చూశాను.