ముత్తాత పేరు

మెయ్‌నూత్,
అక్టోబరు 14, 2018.

చిరంజీవి లక్ష్మీసౌభాగ్యవతి జానకికి,

నీ రమణ ఆశీర్వదించి రాస్తున్నది. ఇక్కడ నేనూ అలేఖ్యా కులాసాగా ఉన్నాం. హైదరాబాదులో శ్రీలేఖ, పసివాడు, వాళ్లకు పురుడు పోస్తూ నిద్ర చాలని నువ్వూ క్షేమమని తలుస్తాను. ఇటు వస్తున్న రవి కుమార్ చేత పంపిన గోంగూర పచ్చడి, నీ ఉత్తరం అందాయి. పచ్చడిలో ఉప్పు సరిపోయింది. ఉత్తరంలోనే కారం ఎక్కువైంది.

అడిగినవాటికి జవాబులు. బీపీ మాత్రలు మానలేదు. స్వెట్టరు వేసుకుంటున్నాను. డబ్లిన్‌లో కంప్యూటర్ కంపెనీలు పెరిగి అద్దెలు మండిపోతున్నాయని అమ్మాయి ఈ ఊళ్లో ఉండి రోజూ రైల్లో పోయి వస్తోంది. వంట తనే చేస్తోంది, తినగలుగుతున్నాను.

ఇక నువ్వు నన్ను పంపిన పని, అలేఖ్య పెళ్లాడతానంటున్న పీటర్ సంగతి. "అబ్బాయిది ఏడు తరాలు విచారించండి, ఎక్కడో ఒక లొసుగు దొరక్కపోదు" అన్నావు. ముప్పై ఏళ్లు సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో పాత దస్తావేజులు చదివినవాణ్ణి కదా, పీటర్ తన నాయనమ్మ దగ్గరికి తీసుకెళ్తాననగానే బయల్దేరాను. కుర్రాడు నెమ్మదస్తుడు. నా మోకాళ్ల కోసం దారిలో మూడుసార్లు కారు ఆపాడు.

వాళ్లది లిమరిక్ పక్క పల్లె. మూడొందల ఏళ్ల కిందట జర్మనీ నుంచి వచ్చిన రైతులట. నాయనమ్మ పేరు రూత్, ఎనభై దాటింది. పల్లె చర్చిలో బిడ్డలకు బాప్తిస్మం ఇచ్చినప్పుడు రాసిన రిజిస్టర్ల నకళ్లన్నీ వంటింటి బల్ల మీద పరిచింది. ఏడు తరాలు చకచకా దొరికాయి. ఏ వంకా లేదు. అక్కడితో ఆగాల్సింది. పాత కాగితం కనబడితే ఆగే గుణం నాకు లేదని నీకు తెలుసు.

అన్నిటికన్నా కింద జర్మనీ పల్లె చర్చి నుంచి తెప్పించిన రిజిస్టరు పేజీ ఫోటో ఉంది. జర్మన్ నాకు రాదు. అయినా రిజిస్టరు ఎక్కడైనా రిజిస్టరే. ప్రతి పుట్టుకకూ మూడు పేర్లున్నాయి: బిడ్డ, తండ్రి, తల్లి. ఈ దేశానికి మొదట వచ్చిన యోహాన్ దగ్గర మాత్రం రెండే. తండ్రి పేరు లేదు.

జానకీ, నాకు సంతోషం కలిగింది. నువ్వు కోరింది దొరికిందనుకున్నాను. రూత్‌కు తెలియదేమోనని అలేఖ్యతో తెలుగులో అన్నాను. "చూశావా, మూలపురుషుడికే తండ్రి లేడు."

"ఆమెకి తెలుసు నాన్నా," అంది. "వాళ్ల సర్‌నేమ్ ఆ తల్లిదే. ఫస్ట్ డే నాకు చెప్పిందే అది."

రూత్ మా ముఖాలు చూసి, ఆ తల్లి పేరు మీద వేలు పెట్టింది. అన్నా బార్బరా. ఒక్కతే పెంచిందనీ, గ్రాండ్‌గా పెంచిందనీ ఇంగ్లీషులో చెప్పి నాకు మరో కప్పు టీ పోసింది.

నేను తల ఎత్తలేకపోయాను. ఎందుకో ఇప్పుడు చెప్పాలి. ఫోన్లో అయితే నువ్వు అడ్డుపడతావు, నేను మాట మారుస్తాను.

మన పెళ్లిలో, నువ్వు తెర అవతల ఉండగా, ప్రవర చెప్పడానికి పంతులుగారు మా వైపు మూడు పేర్లు అడిగారు. తండ్రి, తాత, ముత్తాత. ముత్తాత దగ్గర మా నాన్న ఆగిపోయాడు. ఎదురుగా గోడకు పాండురంగస్వామి క్యాలెండరు వేలాడుతోంది. "పాండురంగయ్య" అనేశాడు. పంతులుగారు అదే చదివారు. మా తాతకు తండ్రి ఎవరో ఎవరికీ తెలియదు జానకీ. ఆ క్యాలెండరు పేరుకే ఇన్నేళ్లుగా నేను పిండం పెడుతున్నాను, నువ్వు మడి కట్టుకుని వండుతున్నావు. ఎన్నోసార్లు చెబుదామనుకున్నాను. మీవాళ్ల ముందు నువ్వు మా వంశం గురించి గొప్పగా చెప్పుకుంటుంటే నోరు పెగల్లేదు. భయపడ్డాను.

తాతను కన్నావిడ పేరు మాత్రం నాన్న తర్వాత నాకు చెప్పాడు. పదిళ్లలో వడ్లు దంచి ఆయన్ని పెంచిందట. ఆ పేరు నేను ఏ తద్దినంలోనూ తలవలేదు. ఈ ఉత్తరం కింద మొదటిసారి రాస్తున్నాను.

అమ్మాయికి ఇంకా ఏ మాటా ఇవ్వలేదు. ఎదురుచూస్తోంది, అడగడం లేదు. పీటర్‌ను వంశం చూసి కాదనాలంటే, ముందు నన్ను కాదను. ఆ తర్వాతే అతని సంగతి.

ఇట్లు,
మంగతాయారు మునిమనవడు,
నీ రమణ.