గోడమూల మడిలో సున్నా

అక్కా,

ముందే చెప్తున్నాను, చదివాక తిట్టు, మధ్యలో ఆపకు. నువ్వు ఆసుపత్రిలో థర్మామీటరు చూడకుండా చార్టులో అంకె వెయ్యవు. నేను వేశాను.

మా ఏడో తరగతి పిల్లల తేనెటీగల లెక్క సంగతి నీకు రాశాను కదా. ఒక్కొక్కరు ఒక్కో పూలమడి దగ్గర పది నిమిషాలు కూర్చుని, వాలిన తేనెటీగల్ని లెక్కపెట్టాలి. ఎన్నో బళ్ళ పిల్లలు పంపిన లెక్కలన్నీ కలిపి పరిశోధకులు చూస్తారు. బయటికి పంపేముందు క్లాసులో పాచికలాట ఆడించాను. ఇరవై పాచికలు వెయ్యాలి, ఐదో ఆరో పడినవన్నీ వాలిన తేనెటీగలు అనుకోవాలి. ఎక్కువసార్లు ఆరో ఏడో వచ్చేవి. మడుల దగ్గరా అంతే వచ్చింది. నా సంతోషానికి పట్టపగ్గాల్లేవు.

గోడమూల మడి పిల్ల ఒక్కతే తొమ్మిది రోజులూ సున్నా రాసింది. అందరి ముందూ కడిగేశాను.

"కునుకు తీశావా?"

"లేదు టీచర్, చూస్తూనే ఉన్నా. ఒక్కటీ రాలేదు."

"అందరికీ వచ్చినవి నీకే రాలేదా? ఎవరికి చెప్తావు!"

గడువు ఆ రోజే. ఆమె చూస్తుండగానే కాగితంలో సున్నాలు చెరిపి, నా చేత్తోనే తొమ్మిది ఆర్లు వేసి పంపేశాను.

నిన్న అనుమానం వచ్చి ఆ మడి దగ్గర కూర్చున్నాను. పది నిమిషాలు కాదు, గంట. పూలు నిండుగా ఉన్నాయి. ఒక్క తేనెటీగ వాలితే ఒట్టు.

ఇవాళ రెండో విడత లెక్క మొదలైంది. ఆ పిల్ల మడి దగ్గరికి వెళ్ళకుండా నా దగ్గరికి వచ్చి, "టీచర్, ఎంత రాయమంటారు?" అంది. వెటకారం కాదక్కా, నిజంగానే అడిగింది. ప్రాణం చచ్చినంత పనైంది. చూసింది రాయమని నేర్పాల్సినదాన్ని, చూడడమే మాన్పించాను. రాజీనామా రాసి సంచిలో పెట్టుకున్నాను.

నీ తొందరమ్మ


అక్కా,

తిట్లన్నీ అందాయి. "చార్టు తప్పు రాసి, సరిచెయ్యకుండా డ్యూటీ దిగిపోతావా?" అన్నావు చూడు, ఆ మాటకే రాజీనామా చింపేశాను.

అందరి ముందు కడిగాను గనక అందరి ముందే ఒప్పుకున్నాను. ముందుగా ఆ పిల్లే, "మరి పాచికలు అబద్ధమా టీచర్?" అని అడిగింది. పాచికలు బయటికి తీసి, ఎన్నిసార్లు వేస్తే సున్నా పడుతుందో చూద్దామన్నాను. మధ్యాహ్నమంతా గుంపులుగా మూడువందల సార్లు వేశారు. ఒక్క సున్నా పడలేదు.

"అంటే నా తొమ్మిది సున్నాలూ ఊరికే పడ్డవి కాదు. అక్కడేదో ఉంది," అంటూ లేచి వెళ్ళి తోటమాలిని పిలుచుకొచ్చింది. చీమలు పడుతున్నాయని ఆ మూల వారం వారం మందు కొడుతున్నాడట. "నన్నెవరడిగారమ్మా?" అన్నాడు. నిజమే, ఎవరూ అడగలేదు.

పరిశోధకులకు తప్పొప్పుకుని, పిల్ల తన చేత్తో రాసిన అసలు లెక్క పంపాలి. అదేమో నేను చెరిపేశాను. ఆ పిల్ల సంచిలోంచి తన సొంత నోటుబుక్కు తీసింది. తొమ్మిది సున్నాలూ ఉన్నాయి, పక్కన ఎండ, గాలి వివరాలతో సహా. నేను కడిగేసిన రోజు ఎదురుగా ఇలా రాసి ఉంది: "తేనెటీగలు సున్నా. టీచర్ రాకుండానే ఆరు చూశారు."

"ఇది చెరిపేయనా టీచర్?" అంది, మొహం కందిపోయి.

వద్దన్నాను. కింద నా సంతకం పెట్టి, ఆ పేజీ ఉన్నదున్నట్టు పంపాను.

ఇకనుంచి చూశాకే రాసే
నీ తొందరమ్మ