నాన్న జేబులో మాత్రల పొట్లం

ఖోన్ కేన్, శుక్రవారం

అమ్మా, పిన్ని ఇంట్లో నాన్నా నేనూ కులాసా, బెంగపడకు.

నాన్న కడుపునొప్పికి డాక్టరు వెంటనే గొట్టం పెట్టి పేగు చూడలేదు. ముందు మలం డబ్బీలో పట్టి తెమ్మన్నాడు. పేగు వాచి ఉంటే నెత్తుటిలోని తెల్లకణాలు అక్కడికి చేరి ఒక పదార్థం వదులుతాయట. మలంలో అదెంత ఉందో కొలిస్తే లోపలి వాపు బయటపడుతుందట. కొయ్యకుండా తెలుసుకోవడం నాకు వింతగా తోచింది. నాన్న సిగ్గుపడి డబ్బీని అరటాకులో చుట్టి తీసుకెళ్ళాడు. "ఏం పెద్దయ్యా, నాకు తినడానికేమన్నా తెచ్చారా?" అంది నర్సు.

నిన్న ఫలితం వచ్చింది. వాపు ఎక్కువే. "నొప్పి మాత్రలేమన్నా మింగుతున్నారా?" అని నర్సు అడిగితే నాన్న లేదన్నాడు.

"మరి ఆ జేబులోవి చప్పరింపు బిళ్ళలా?"

"ఇవా? నడుముకు వేసుకునేవి. మా ఊళ్ళో అందరం మింగేవేగా."

మన ఊరి దుకాణంలో నాలుగైదు రకాలు కలిపి ఇచ్చే రంగు మాత్రలే. వాటివల్లే పేగు వాచి ఉండవచ్చట. కొన్ని వారాలు మానేసి మళ్ళీ పరీక్షకు ఇవ్వాలి. అప్పుడూ ఎక్కువుంటే గొట్టం తప్పదు.

గేదె ఈనిందా? మడిలో నీళ్ళు నిలిచాయా? బస్సు డ్రైవరు చేత జిగురన్నం, ఎండుచేపలు పంపు. బుట్ట అడుగున మాత్రలు పెట్టకు. ఎవరిచ్చారో నాన్న నర్సుకూ చెప్పలేదు, నాకూ చెప్పలేదు. పొట్లానికి కట్టిన వెదురు నార ముడి నీదేనని నేనే గుర్తుపట్టాను. నువ్వూ అవి మానెయ్యి.

అమ్మమ్మకు దండాలు.

నీ కూతురు
లంపూన్