ఉమ్ములో కనపడని పాలు

అమ్మకు,

నీ దూజా సలాములు. ఇక్కడ నేనూ నీ కొడుకు లస్సాదూ ఒంటికి క్షేమంగానే ఉన్నాం, ఒళ్లు మాత్రం మండిపోతోంది. కెర్కెన్నా దీవిలో పిన్ని ఇంట్లో నువ్వూ క్షేమమేనని తలుస్తాను.

పడవలో వచ్చిన చేపల బుట్టతో పాటు నీ ఉత్తరమూ అందింది. ఫోన్ ఎత్తవు గానీ చేపలు పంపిస్తావు, నీ పంతం నీదే. ఇద్దరూ వేళకు తింటున్నారా అని అడిగావు. తింటున్నాం. నిన్న ఆక్టోపస్ వేసి కుస్‌కుస్ వండాను. లస్సాద్ ఒక ముక్క కొరికి, "ఒసేయ్, దీన్ని సముద్రంలో వదిలేస్తే ఇప్పటికీ ఈదుకుంటూ పోతుందే!" అన్నాడు. అంటూనే పళ్లెం ఖాళీ చేశాడు.

ఆ డీఎన్‌ఏ పరీక్ష ఎందుకు చేయించుకున్నారని నిలదీశావు. నీకు తెలియదా అమ్మా? అమ్మమ్మ రొమ్ము జబ్బుతోనే పోయింది. పెద్దమ్మా దానితోనే పోయింది. నాకూ వస్తుందేమోనని స్నానం చేసినప్పుడల్లా తడుముకుని చచ్చేదాన్ని. లస్సాద్ స్నేహితుడు జర్మనీ నుంచి కిట్లు తెస్తుంటే, కవలలం కదా, సరదాగా ఇద్దరం చెరో గొట్టంలో ఉమ్మి పంపాం. మాకేం తెలుసు? ఆ జబ్బు తెచ్చే లోపం లస్సాద్‌కు ఉందట, నాకు లేదట. దాని కిందే ఇంకో మాట ఉంది, మా ఇద్దరికీ ఏ రక్తసంబంధమూ లేదని. ఆ లోపం నాకు లేదని తెలిసి ఎగిరి గంతెయ్యాల్సింది, కూర్చుని ఏడ్చాను. భోజనాల దగ్గర నిన్ను అడిగితే నువ్వేం చేశావు? తెల్లారేసరికి పడవెక్కేశావు.

నన్ను కన్న తల్లి గఫ్సా గనుల వీధిలో మన పక్కింటి పిల్ల అనీ, లస్సాద్ పుట్టిన వారంలోనే నన్ను కని పోయిందనీ, నాన్నా నువ్వూ ఇద్దరినీ ఎత్తుకుని స్‌ఫాక్స్‌కు వచ్చి కవలలని చెప్పుకున్నారనీ రాశావు. చదివాను. ఆ పిల్ల కోసం ఫాతిహా చదివాను, పాపం. కానీ ఆ కింద, "నీ సొంతవాళ్లను వెతుక్కో, నీ మీద నాకు హక్కు లేదు" అని రాశావు చూడు, ఆ ఒక్క మాటకు నిన్ను క్షమించను. ఆ కిట్ల వాళ్లు మార్సెయ్‌లో ఎవరో దూరపు చుట్టాన్ని చూపించారు. ఆవిడ పలకరిస్తే మర్యాదగానే జవాబిచ్చాను. "సంతోషమండీ, కానీ నాకు అమ్మ ఉంది, ప్రస్తుతం అలిగి పోయింది" అని రాశాను.

ఇక మీ అన్న సంగతి. తిజానీ మామయ్య పోయిన శుక్రవారం నమాజు కాగానే వచ్చి వాకిట్లో నిలబడ్డాడు, వీధంతా వినేలా.

"ఏమే, ఇప్పుడు వాడికి నువ్వేమవుతావని ఈ ఇంట్లో ఉంటావు? పరాయి మగాడు, పరాయి ఆడది, ఒకే కప్పు కిందా?"

"నా మేజోళ్లు తొడుక్కుని తిరిగే పరాయిదాన్ని ఎక్కడైనా చూశావా మామయ్యా?" అన్నాడు లస్సాద్.

"ఉమ్మింది మీరే కదరా! ఆ ఉమ్మే చెప్పింది."

"మన వంశం సముద్రం అవతల అండలూసియా నుంచి దిగిందని డప్పు కొడతావే, లస్సాద్ ఉమ్ములో అండలూసియా చుక్క కూడా లేదు. నా ఉమ్ములో ఉంది. అదీ నమ్ముతావా?" అన్నాను నేను. ఎదురింటి లల్లా బెయ్యా పగలబడి నవ్వింది. ఆ తర్వాత ఆవిడే గట్టిగా అడిగింది.

"ఈ గొడవంతా ఎందుకు? వీళ్లమ్మ హబీబా ఈ పిల్లకు తన పాలు పట్టిందా లేదా? మన షరియత్ ప్రకారం ఒక్క గుక్క తాగినా వీళ్లు తోబుట్టువులే. పాల బంధం ఏ మిషన్‌కు కనపడుతుంది?"

"ఎవరు చూశారు? డబ్బా పాలు పోసిందేమో," అన్నాడు మామయ్య.

"ఇచ్చింది. అమ్మే నాతో చెప్పింది," అన్నాను.

"అయితే వచ్చే శుక్రవారం హబీబానే వచ్చి నా ముందు చెప్పమను. లేదా నువ్వు సామాను సర్దుకో." అలా అనేసి పోయాడు.

నేను సర్దుకోను. నేను పెరిగిన ఇల్లిది, ఎవడు పొమ్మంటే పోతాను?

ఇంకోటి. లస్సాద్‌లోని ఆ లోపం నీ నుంచే వచ్చి ఉంటుందంది డాక్టరమ్మ. ఇంట్లో ఉమ్మి పంపింది చాలదట, వాడికీ నీకూ ఆసుపత్రిలో మళ్లీ చూడాలంది. శనివారం రమ్మంది. నా భయం నాకు పోయింది, ఇప్పుడదంతా నీ మీదే. సిగ్గనో వయసైపోయిందనో అన్నావంటే ఎత్తుకుని తీసుకుపోతాను, నీ ఇష్టం.

అమ్మా, ఇప్పుడు అసలు మాట. నువ్వు నాకు పాలిచ్చావో లేదో నాకు తెలియదు. నువ్వెప్పుడూ చెప్పలేదు. నీ ఉత్తరమంతా వెతికాను, అందులోనూ లేదు. లేదంటావేమోనని అడగడానికి భయం వేసింది. అందుకే వీధంతా వినేలా అబద్ధమాడాను, లస్సాద్‌కు కూడా చెప్పలేదు. నాకు సిగ్గేమీ లేదు, మళ్లీ అడిగినా అదే చెబుతాను.

గురువారం పడవకు రా. రేవులో ఉంటాను. పాలిచ్చి ఉంటే మామయ్య మొహం మీద ఆ మాట చెప్పు. ఇవ్వలేదనుకో, అయినా వచ్చి ఇచ్చానని చెప్పు. కవలలని ఇన్నేళ్లూ ఊరందరినీ నమ్మించినదానివి, నాకోసం ఈ ఒక్క అబద్ధానికి నీకు నోరు రాదా?

ఇట్లు,
నువ్వు వద్దన్నా నీ కూతురే,
దూజా